నాలుగో తీగ

జూన్ 4

మా టెస్టర్ పిల్లకి,

నాన్న రాసేది. నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. మొదటిసారి నిలబడి చదివాను, రెండోసారి కూర్చుని చదివాను, మూడోసారి మీ అమ్మకి పైకి చదివి వినిపించాను. నాలుగోసారి కిందికి దిగి సైకిల్ షాపు ఆయనకి చదువుతుంటే మీ అమ్మ మెట్ల మీద నిలబడి, "ఆ కాగితం అరిగిపోతుంది, కాస్త దాన్ని వదిలెయ్యండి" అంది. ఎలా వదలమంటావు తల్లీ. నేను పద్దెనిమిదేళ్ళు ఏ బ్రేకర్ల ముందు స్టూలు వేసుకుని కూర్చున్నానో, ఆ బ్రేకర్లకి పరీక్ష పెట్టే ఇంజనీరు ఇప్పుడు నా కూతురు. చిన్నప్పుడు నా జేబులోంచి టెస్టర్ లాక్కుని గోడలన్నీ పొడిచిన పిల్ల. గర్వం కాదు, ఇంకేదో. కడుపు నిండిపోయి అన్నం సహించడం లేదు.

సైకిల్ షాపు ఆయనకి మాత్రం సరిగా ఎక్కలేదు. రక్షణ పరికరాల విభాగం అంటే పోలీసు ఉద్యోగం అనుకుని, "అయితే అమ్మాయికి తుపాకీ ఇస్తారా" అన్నాడు. అది కాదయ్యా, కరెంటు హద్దు దాటితే బ్రేకర్ తనంతట తాను పడిపోయి తీగల్నీ మనుషుల్నీ కాపాడుతుంది, అది సమయానికి పడుతుందా లేదా అని చూడటం మా అమ్మాయి పని అని విడమరిచి చెప్పాను. సాయంత్రానికల్లా రెండు మిక్సీలూ ఒక ఇస్త్రీపెట్టే మన మెట్ల మీదికి చేరాయి. నువ్వు వచ్చినప్పుడు చూస్తావని అందరికీ నమ్మకం.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. కంప్రెసర్ పక్క గదిలో అన్నేళ్ళు కూర్చున్న చెవులివి. ఫోన్లో సగం మాటలే పడతాయి, తక్కిన సగం నేను కల్పించుకుంటాను. ఉత్తరమైతే మాట మాటా చేతిలో ఉంటుంది.

పని దగ్గర నిక్కచ్చిగా ఉండు. అలా ఉన్నాను కాబట్టే నన్ను ప్యానెల్ గది నుంచి స్టోర్సుకి ప్రమోషన్ మీద పంపారు. అప్పుడు నీకు ఐదేళ్ళు, మిఠాయి పొట్లం తెచ్చాను, గుర్తుందో లేదో.

మీ అమ్మ ఫిర్యాదు ఒకటి రాయమంటోంది. భోజనమయ్యాక ఒక కునుకు తీయమంటే ఈ మనిషి ఎర్రటి ఎండలో వీధిలో పచార్లు చేస్తాడు అని. నాకు పగటి నిద్ర అలవాటు లేదు, అంతే.

నా టెస్టర్ వేరే పార్సిల్‌లో పంపుతున్నాను. మొదటి పని ఏమిచ్చారో వెంటనే రాయి. నీ బ్రేకర్లు అన్నీ వేళకి పడాలని, నువ్వు మాత్రం ఎక్కడా పడకూడదని కోరుకునే

మీ నాన్న

జూన్ 12

నాన్నకి,

టెస్టర్ అందింది. మా విభాగంలో ఇలాంటివి వాడనివ్వరు, అయినా బ్యాగులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. మిక్సీలు మాత్రం ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యి.

మొదటి పని ఒక బట్టలు కుట్టే యూనిట్‌లో. మూడో అంతస్తులో రెండు వందల కుట్టు మిషన్లు. పాతవి తీసేసి, ఒక్కోదానికీ సొంత మోటారూ చిన్న ఎలక్ట్రానిక్ పెట్టే ఉన్నవి నిరుడు తెచ్చారు. అప్పుడే దీపాలూ మార్చారు. ఏడాదిగా వాళ్ళ మెయిన్ బ్రేకర్ వారానికి మూడు నాలుగుసార్లు పడుతోంది. ఎప్పుడు పడినా రెండో షిఫ్టులోనే, సాయంత్రం నాలుగుకీ ఐదుకీ మధ్య. ఆ షిఫ్టులో ప్యానెల్ గదిలో ఉండేది ఒకే మనిషి, యాభై ఏడేళ్ళ ఆపరేటరు. వచ్చే ఏడు రిటైరవుతాడు.

"ఆయనకి టీ తాగాలనిపిస్తే మా బ్రేకర్ పడుతుందండీ" అన్నాడు మేనేజరు. నవ్వాను, కానీ రాసుకున్నాను.

బ్రేకర్ 250 ఆంపియర్లది. మూడు ఫేజుల తీగలకీ నేనే మీటరు తగిలించి చూశాను. ఎక్కడా 195 దాటలేదు. సెలవు రోజున బ్రేకర్ విప్పించి మా పరీక్ష బల్ల మీద పెట్టాను. ఎంత కరెంటుకి ఎన్ని నిమిషాల్లో పడాలో సరిగ్గా అన్ని నిమిషాల్లో పడింది. నాకు ముందు ఇద్దరు చూశారు, వాళ్ళకీ ఇదే తేలింది.

ఆయన లాగ్‌బుక్ చూస్తే నీకు నవ్వొస్తుంది. ఆంపియర్లు రాసే గడుల పక్కన చేత్తో గీత గీసుకుని ఇంకో గడి పెట్టాడు. ఇదేమిటండీ అంటే, "చేతి లెక్కమ్మా" అన్నాడు. మూడు తీగలకి "వెచ్చన", నాలుగోదానికి "కాలుతోంది" అని రోజూ రాసి ఉంది. నాలుగోది న్యూట్రల్, కరెంటు తిరిగి వెళ్ళే దారి. మూడు ఫేజులూ సమంగా ఉంటే దాంట్లో కరెంటే ఉండదు దాదాపు. అది ఎలా కాలుతుంది? ఈ ఒక్క గడి చాలు ఆయన రాతల్ని ఎంత నమ్మొచ్చో తెలియడానికి.

బ్రేకర్ అబద్ధం చెప్పదని నువ్వే నేర్పావు. మీటరూ చెప్పదు. ఇక మిగిలింది మనిషే. వచ్చే నెల పదో తారీకులోగా రిపోర్టు ఇవ్వాలి. పరికరం బాగుంది, తప్పు ఆపరేటరుది అని రాస్తే వాళ్ళు ఆయన్ని పంపించేస్తారు, ఎందుకైనా మంచిదని 400 ఆంపియర్ల బ్రేకర్ పెట్టుకోవడానికి అనుమతీ అడుగుతున్నారు. మొదటి కేసే ఇంత తేటగా తేలడం నా అదృష్టం అన్నారు మా పెద్ద ఇంజనీరు.

అమ్మకి చెప్పు, అన్నం వేళకే తింటున్నాను.

నీ టెస్టర్ పిల్ల

జూన్ 19

బంగారు తల్లికి,

నీ ఉత్తరం అందింది, చాలా సంతోషం. అక్షరాలు ఎంత గుండ్రంగా రాస్తావో. మీ అమ్మ వంటగది కిటికీకి కొత్త తెర కుట్టింది, నీలం రంగు. కింద సైకిల్ షాపు ఆయనకి మోకాలు నొప్పి. వానలు ఇంకా పడలేదు.

ఒక్క మాట. ఆ రిపోర్టు తొందరపడి రాయకు.

నువ్వు చేసిన పరీక్ష తప్పని కాదు. నాకేం తెలుసు. కానీ ఆ చేతి లెక్క సంగతి చెబుతాను. తీగ పైతొడుగు మీద అరచెయ్యి పెట్టకూడదు, చేతి వెనకభాగం ఆనించాలి. ఎక్కడైనా తొడుగు చిట్లి షాకు కొడితే అరచెయ్యి ముడుచుకుని తీగని పట్టేసుకుంటుంది, వెనకభాగమైతే చెయ్యి ఎగిరి పక్కకి పోతుంది. ఇది మా హెడ్ మేస్త్రీ నేర్పాడు. ఒంటికి జ్వరం వస్తే పిల్లల నుదుటి మీదా అలాగే చూస్తాం కదా. నీకూ అలాగే చూసేవాణ్ణి.

ఇక మిగిలింది మనిషే అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈసారి నీ ఉత్తరం సైకిల్ షాపు ఆయనకి చదవలేదు. ఆయన అడిగితే, అమ్మాయి పనిలో ఉంది అన్నాను.

ఆ పెద్దాయనకి పిల్లలున్నారా?

మీ నాన్న

జూన్ 25

నాన్నకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ బాధేసింది.

ఆయనకి పిల్లలున్నారు, ఇద్దరు. దానికీ బ్రేకరుకీ సంబంధం ఏమిటి? వీధి వీధంతా నన్ను ఇంజనీరని చెప్పుకుంటావు. తీరా నేను ఇంజనీరుగా ఒక మాట తేల్చితే, ఎన్నడూ చూడని మనిషి చెయ్యి నీకు నా మీటరు కన్నా ఎక్కువైపోయింది. ఇక్కడ మేనేజరు కూడా మొదటిరోజు, "అమ్మాయిగారు మెత్తబడకుండా రాస్తారు కదా" అన్నాడు. నువ్వు మెత్తబడమంటున్నావు. ఇద్దరూ నన్ను ఒకేలా చూశారు.

తప్పు చేసినవాణ్ణి వదిలేస్తే నిక్కచ్చిగా చేసినవాళ్ళకి విలువేముంది? నువ్వు అన్నేళ్ళు అదే స్టూలు మీద కూర్చున్నావు. ఒక్క రోజు ఇలా చేశావా? నీ మీద ఒక్క మచ్చ లేదు, అందుకే ప్రమోషన్ ఇచ్చారు. నేను ఆ మిఠాయి మర్చిపోలేదు నాన్నా, బడిలో అందరికీ పంచాను.

నా పరీక్షలో తప్పు ఎక్కడుందో చూపించు, రిపోర్టు ఆపుతాను. ఊరికే ఆగమంటే ఆగలేను.

నీ కూతురు

జూన్ 30

అమ్మాయికి,

మీ అమ్మ పక్కింటికి వెళ్ళింది. ఆమె వచ్చేలోగా ఇది రాసి పోస్టు డబ్బాలో వేసి రావాలి.

ఏడో తరగతి చదివినవాణ్ణి, నీ పరీక్షలో తప్పు నేనేం చూపించగలను. నా సంగతిలో తప్పు చూపిస్తాను.

నన్ను స్టోర్సుకి ప్రమోషన్ మీద పంపలేదు. ప్యానెల్ గదిలోంచి తీసేసి పంపారు.

సైకిల్ హ్యాండిళ్ళ ఫ్యాక్టరీ మాది, నీకు తెలుసు. ఆ ఏడాది రెండు నెలల్లో ఆరుసార్లు మెయిన్ బ్రేకర్ నా షిఫ్టులోనే పడింది. ఆరుసార్లూ మధ్యాహ్నం రెండింటికీ నాలుగింటికీ మధ్యే. ఆఖరిసారి నికెల్ పూత తొట్టిలో ఉన్న హ్యాండిళ్ళన్నీ పాడయ్యాయి. విచారణకి పిలిచారు. బల్లకి అవతల ముగ్గురు. బ్రేకర్ బాగుంది, మీటరు బాగుంది, కరెంటు హద్దులోనే ఉందని నువ్వే లాగ్‌బుక్కులో రాశావు, మరి ఎందుకు పడింది అన్నారు. నాకు తెలియదండీ, కేబుల్ మాత్రం మీటరు చెప్పినదానికన్నా బాగా వేడిగా ఉంటోంది, చెయ్యి పెట్టి చూశాను అన్నాను. నవ్వారు. ఒకాయన కళ్ళనీళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. "భోజనం చేసి కునుకు తీశావు, తూలి బ్రేకర్ హ్యాండిల్ మీద చెయ్యి పడేశావు, ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుంది" అన్నారు.

లేదన్నాను. మళ్ళీ అడిగారు. లేదన్నాను. పదిసార్లు అడిగారు. పదకొండోసారి అడిగినప్పుడు నేను కూడా ఆలోచించాను తల్లీ, నిజంగానే కన్ను మూతపడిందేమో అని. సంతకం పెట్టాను. ఉత్త చేతులతో ఇంటికి రాలేక దారిలో మిఠాయి కొన్నాను. మీ అమ్మ ఏమిటి విశేషం అంటే నోట్లోంచి ప్రమోషన్ అని వచ్చింది. ఆ తరవాత దాన్ని వెనక్కి తీసుకునే వీలు దొరకలేదు.

నేను నిద్రపోలేదని నీకు చెప్పాలని ఉంది. చెప్పలేను. నిద్రపోయినవాడికి తాను నిద్రపోయిన సంగతి తెలియదు కదా. ఇరవై ఏళ్ళుగా ఇదే ఆలోచన. మధ్యాహ్నం కన్ను మూస్తే, చెయ్యి దేనిమీదో పడ్డట్టు ఉలిక్కిపడి లేస్తాను. అందుకే వీధిలో తిరుగుతాను.

నువ్వు ఒక్క పని చెయ్యి. అన్ని మిషన్లూ నడిచే వేళకి వెళ్ళు. మూడు తీగలకే మీటరు తగిలించానని రాశావు. ఆయన కాలుతోందని రాసింది నాలుగోదాన్ని. దాని తొడుగు ఎక్కడా చిట్లలేదని కళ్ళతో చూసుకుని, చేతి వెనకభాగం ఆనించు. అది చల్లగా ఉంటే నీ రిపోర్టు నువ్వు రాసుకో. నేను మారు మాట్లాడను.

నాన్న

జూలై 6

నాన్నా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. మూడో రోజు యూనిట్‌కి వెళ్ళాను, సాయంత్రం నాలుగున్నరకి.

ప్యానెల్ గది మెట్ల కింద ఉంటుంది. ఆయన లేచి నిలబడ్డాడు. తీగ తొడుగు పరికించి చూసి నేను చెయ్యి చాపగానే, "అరచెయ్యి కాదమ్మా, వెనక్కి తిప్పండి" అన్నాడు.

"తెలుసండీ. మా నాన్న చెప్పారు."

"ఏం చేస్తారమ్మా మీ నాన్నగారు?"

"ప్యానెల్ గదిలో చేసేవారు." స్టోర్సు అని అనలేదు నాన్నా.

"అయితే ఈ పని మొదటిరోజే చెయ్యాల్సింది" అన్నాడు. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది.

మూడు లెక్కపెట్టేలోగా చెయ్యి తీసేశాను. అంత వేడి. తొడుగు మెత్తబడి వేలి ముద్ర పడేలా ఉంది. అదే పాత మీటరు నాలుగో తీగకి తగిలించాను. 330 చూపించింది. తక్కిన మూడింట్లో 195 ఉంటే దీంట్లో 330 ఎలా ఉంటుంది? మీటరు పాడైందన్నాను. "మీటరూ నా చెయ్యీ ఒకేసారి పాడయ్యాయంటారా?" అన్నాడు ఆయన, నెమ్మదిగా, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. ఏడాది పాటు ఎవరూ ఆ మీటరుని నాలుగో తీగకి తగిలించలేదు నాన్నా. తగిలించి ఉంటే అదే చెప్పేది. చూడక్కర్లేదని మాకు చదువు చెప్పింది, చూడలేదు.

మర్నాడు మా విభాగంలో ఉన్న మంచి మీటరు తీసుకెళ్ళాను. అది అల మొత్తాన్నీ చూసి అసలు వేడి ఎంతో లెక్కకడుతుంది. ఫేజుల్లో 195 కాదు, 268.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. పాత మోటార్లు కరెంటుని సాఫీగా తీసుకునేవి, అల లేచి పడ్డట్టు. ఈ కొత్త మిషన్ల పెట్టెలూ కొత్త దీపాలూ అలా తీసుకోవు. అల శిఖరానికి రాగానే ఒక్క గుటకలో లాగేసి, మళ్ళీ శిఖరం వచ్చేదాకా ఊరుకుంటాయి. సినిమా హాలు గేటులోంచి వెయ్యిమంది వరసగా నడిచి వెళ్ళడం వేరు, అదే వెయ్యిమంది పదిసార్లు గుంపులుగా తోసుకుంటూ పడటం వేరు. తలలు లెక్కపెట్టేవాడికి రెండూ ఒకటే. గేటు మడతబందులకి మాత్రం కాదు. పాత మీటరు తలలు లెక్కపెట్టేవాడు. బ్రేకరు లోపల ఒక లోహపు పట్టీ ఉంటుంది, వేడికి వంగి మీట వదులుతుంది. అది గేటు బందు. మా పరీక్ష బల్ల మీద మేం దానికి సాఫీ కరెంటే ఇచ్చాం, సరిగ్గానే పనిచేసింది. యూనిట్‌లోనూ సరిగ్గానే పనిచేస్తోంది. హద్దు నిజంగానే దాటింది కాబట్టి పడుతోంది.

అల అలా చెదిరినప్పుడు అసలు అల మీద మూడు రెట్లు, ఐదు రెట్లు వేగంతో ఊగే చిన్న అలలు స్వారీ చేస్తాయి. వాటిని హార్మోనిక్స్ అంటారు. పుస్తకంలో చదివాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. మూడు ఫేజుల మామూలు కరెంటు న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి చెల్లగొట్టుకుంటుంది. మూడు రెట్ల వేగంతో ఊగే అలలు మాత్రం చెల్లవు, మూడూ ఒకే అడుగు వేస్తూ వచ్చి కలిసిపోతాయి. పైగా న్యూట్రల్‌లో ఏముంటుందిలే అని ఆ తీగ సగం లావుదే వేశారు. మొదటి షిఫ్టులో సగం మిషన్లే నడుస్తాయి, పగటి వెలుతురు చాలు. రెండో షిఫ్టులో అన్నీ నడుస్తాయి, నాలుగు దాటితే దీపాలన్నీ వెలుగుతాయి. టీ వేళ అది. అందుకే ఆయన మీదికి వచ్చింది.

400 ఆంపియర్ల బ్రేకర్ పెట్టి ఉంటే అది ఇంక పడేది కాదు. నాలుగో తీగ కాలేది. దాని మీద ఏ బ్రేకరూ లేదు నాన్నా, దానికి కాపలాయే లేదు. ఉన్న ఒక్క కాపలా ఆయన చెయ్యి. మూడో అంతస్తులో రెండు వందల మంది, కాళ్ళ కింద గుడ్డ పీలికలు, దిగడానికి ఒకటే మెట్ల దారి. నేను ఆయన్ని పంపించేసే రిపోర్టు టైపు చేయించి పెట్టుకున్నాను, సంతకమే తక్కువ.

ఒక ప్రశ్న. బాగా గుర్తు తెచ్చుకుని రాయి. ఆ రెండు నెలలకి ముందు మీ ఫ్యాక్టరీలోకి కొత్తగా ఏ యంత్రం వచ్చింది?

నీ టెస్టర్ పిల్ల

జూలై 7

అమ్మాయికి,

వారమైంది, జవాబు లేదు. నాకు అర్థమైంది. నీ స్థానంలో ఉంటే నేనూ ఏమి రాయాలో తెలియక ఊరుకునేవాణ్ణి. ఆ ఉత్తరం చించెయ్యి. పాత సంగతి, అనవసరంగా నీ మనసు పాడుచేశాను. ఆఫీసులో ఎవరైనా మీ నాన్న ఏం చేసేవారని అడిగితే స్టోర్సు అని చెప్పు, అది అబద్ధమేం కాదు.

మిక్సీలు ఇచ్చేశాను. ఇస్త్రీపెట్టె వాళ్ళు ఇంకా రాలేదు.

నాన్న

జూలై 14

నా తల్లీ, నా టెస్టర్ పిల్లా,

వచ్చింది. పెద్ద యంత్రమే వచ్చింది. నీ ప్రశ్న చదవగానే కళ్ళ ముందు నిలబడింది.

పూత తొట్టికి కొత్త రెక్టిఫైయరు. మామూలు కరెంటుని బ్యాటరీ కరెంటులా మార్చే యంత్రం. బూడిద రంగు బీరువాలా ఉండేది. లారీలోంచి దించడానికి ఎనిమిది మందిమి పట్టాం. అదే నెలలో, కరెంటు వృథా తగ్గుతుందని ఎవరో చెబితే గోడ పొడవునా కెపాసిటర్ డబ్బాలు కూడా పెట్టారు. పూత పని మధ్యాహ్నం భోజనాల తరవాతే మొదలయ్యేది, రెండింటికి. రెండింటికి తల్లీ. నేను కునుకు తీశానన్న వేళ.

అయితే ఏ నెల అన్నది తేలలేదు. బ్రేకర్ పడటం మొదలయ్యాక వచ్చిందా, ముందు వచ్చిందా? ఒకరోజంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. సాయంత్రం దీపం పెట్టుకుని కూర్చుంటే బల్ల మీద చెయ్యి ఆని ఉంది. నువ్వు ఒకటో తరగతి నుంచీ చదువుకున్న బల్ల. గుర్తుందా, దాన్ని నేనే చేశాను. చెక్క ఎక్కడిదనుకున్నావు? ఆ రెక్టిఫైయరు వచ్చిన పెట్టె పలకలే. మేనేజరుని అడిగి సైకిల్ మీద రెండు విడతలుగా మోసుకొచ్చాను.

బల్ల కిందికి దూరాను. మీ అమ్మ టార్చి పట్టుకుని వంగి, "ఈ వయసులో బల్ల కింద ఏం పోగొట్టుకున్నారండీ" అంది.

"ప్రమోషన్" అన్నాను.

అక్కడే, బల్ల కింద వెల్లకిలా పడుకునే, మీ అమ్మకి అంతా చెప్పాను. మొహం కనిపించడం లేదు కాబట్టి చెప్పగలిగాను. టార్చి కదల్లేదు. "ఆ రోజు మీరు ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేదు" అని మాత్రం అంది.

పలక మీద నల్ల రంగు అచ్చు అక్షరాలు సగం చెరిగాయి కానీ తేదీ ఉంది. ఫిబ్రవరి 9. నా బదిలీ కాగితం ట్రంకు పెట్టెలో అడుగున దాచాను, తీశాను. అందులో రాసి ఉంది, మొదటిసారి బ్రేకర్ పడింది ఫిబ్రవరి 21 అని. పన్నెండు రోజులు. రెండు తేదీలూ ఇరవై ఏళ్ళు ఒకే గదిలో ఉన్నాయి, ఒకటి ట్రంకులో, ఒకటి నీ పుస్తకాల కింద. పక్కపక్కన పెట్టాలని నాకు తోచలేదు. దానికి నువ్వు ఇంజనీరువి కావాల్సి వచ్చింది.

సరిపోతుందా తల్లీ? సరిపోకపోయినా దాచకుండా రాయి. నిక్కచ్చిగా రాయి.

మీ నాన్న

జూలై 20

నాన్నకి,

నిక్కచ్చిగానే రాస్తాను.

ముందు ఇక్కడి సంగతి. రిపోర్టు మార్చి రాశాను. నాలుగో తీగని కొలిచాకే సంతకం పెట్టాలని మా పరీక్ష ఫారంలో ఒక గడి పెట్టమని అడిగాను, పెట్టారు. యూనిట్‌లో న్యూట్రల్ లావుది వేశారు, సగం మిషన్లని వేరే బ్రేకర్ మీదికి మార్చారు. ఆ చిన్న అలల్ని మింగేసే పరికరం కూడా వస్తుంది. బ్రేకర్ పడి పన్నెండు రోజులైంది. మేనేజరు ఆయన్ని క్షమించమని అడగలేదు. కొత్త లాగ్‌బుక్ అచ్చు వేయించి, అందులో "చెయ్యి" అని ఒక గడి పెట్టించాడు, అంతే. ఆయన దాన్ని చూసి, "గీత గీసుకునే పని తప్పింది" అన్నాడు. నీకు నమస్కారం చెప్పమన్నాడు. ఏమని చెప్పమంటారు అంటే, "ప్యానెల్ గది వాళ్ళకి ప్యానెల్ గది వాళ్ళ నమస్కారం" అన్నాడు.

ఇక నీ సంగతి. ఆ రోజుల్లో ఎవరూ అలని కొలవలేదు. కొలతలు లేవు కాబట్టి ఇదే జరిగిందని నేను రాయలేను. కానీ అలాంటి రెక్టిఫైయరు అలని బాగా చెదరగొడుతుంది. పక్కనే కెపాసిటర్లుంటే, ఊయలని సరిగ్గా వెనక్కి వచ్చినప్పుడల్లా తోసినట్టు, ఆ చెదురుని ఇంకా పెంచగలవు. మీటరు తక్కువ చూపిస్తుంది, కేబుల్ వేడెక్కుతుంది, బ్రేకర్ పడుతుంది. నువ్వు విచారణలో చెప్పిన ముక్క అదే. మా పెద్ద ఇంజనీరుకి ఊరూ పేరూ చెప్పకుండా రెండు తేదీలూ చూపించాను. "పాపం, ఆ ఆపరేటరుని ఏం చేశారు?" అని అడిగారు. స్టోర్సుకి పంపారండీ అన్నాను.

దీంతో ఒక కాగితం పెట్టాను. ఆఫీసు కాగితం కాదు, నా నోటు పుస్తకంలోది. నా సంతకం ఉంది. అందులో ఉన్నది రెండు వాక్యాలే. "బ్రేకరు పడటానికి ఆపరేటరుతో సంబంధం లేని కారణం ఉండి ఉండవచ్చు. ఆపరేటరు నిద్రపోయాడని నమ్మడానికి ఏ ఆధారమూ కనబడలేదు."

మనిషే మిగిలాడు అని రాశాను చూడు, ఆ ఉత్తరం నీ దగ్గరుంటే చించెయ్యి. ఇంక అలా రాయను.

నీ టెస్టర్ పిల్ల

జూలై 26

తల్లీ,

ఆ ఉత్తరం చించలేదు. నీ ఉత్తరాలు చించే అలవాటు నాకు లేదు.

నీ కాగితం కిందికి తీసుకెళ్ళి సైకిల్ షాపు ఆయనకి చదివాను, వెనక కథంతా చెప్పాను, ప్రమోషన్‌తో సహా. ఆయన చక్రం తిప్పడం ఆపి విన్నాడు. "ఉండి ఉండవచ్చు అని రాసిందేం, కచ్చితంగా రాయొచ్చు కదా" అన్నాడు. మా అమ్మాయి కొలవనిది రాయదయ్యా అన్నాను. ఆ "ఉండవచ్చు" నాకు ఎంత పెద్దదో ఆయనకి తెలియదు. ఇన్నేళ్ళూ నాకు అదీ లేదు.

ప్యానెల్ గది ఆయనకి నా నమస్కారం చెప్పు. వచ్చే ఏడు రిటైరయ్యాక ఇటు రమ్మను, నీ బల్ల చూపిస్తాను.

ఇవాళ భోజనం చేసి వీధిలోకి వెళ్ళలేదు. చాప వేసుకుని, నీ కాగితం తలగడ కింద పెట్టుకుని, కాసేపు నడుం వాలుద్దామనుకున్నాను. మెలకువ వచ్చేసరికి ఎండ వంటగది కిటికీకున్న కొత్త తెర మీదికి వచ్చింది. నాలుగున్నర అయింది. మీ అమ్మ పక్కన కూర్చుని పాత చొక్కాకి గుండీ కుడుతోంది.

"లేపలేదేం?" అన్నాను.

"ఏ బ్రేకరూ పడలేదు, పడుకోండి" అంది.

మీ నాన్న